గింజ, చెమ్మ, వెలివాడ: పాకాల ప్రాంతంలో నిలవల చరిత్ర

గింజ పండించిన చరిత్ర మనకు కొంత తెలుసు. గింజను దోచుకున్న చరిత్ర ఇంకా బాగా తెలుసు. పండిన గింజ వానాకాలం దాటి ఎట్లా నిలబడింది, ఎవరింట్లో నిలబడింది, ఎవరింట్లో బూజుపట్టి ముక్కిపోయింది అన్న సంగతి మాత్రం చరిత్ర పుస్తకాల్లోకి పెద్దగా ఎక్కలేదు. ఎక్కకపోవడానికి కారణాలు వెతకాల్సిన పని లేదు. అది ఆడవాళ్ళ పని. వంటింటి మూలన, కుండల చాటున జరిగే పని. అందులోనూ మాలపల్లెలో, మాదిగపల్లెలో జరిగేదాన్ని పని అని ఎవరూ రాసుకోలేదు. శిస్తు లెక్కలు రాసిన కరణానికి కళ్లం మీది రాశి కనపడింది గానీ, వాడలో ఉప్పుకుండ కింద పెట్టిన రాళ్ళు కనపడలేదు.

పాకాల ప్రాంతాన్ని తీసుకోవడానికి ఒక కారణముంది. ఇది రాయలసీమ అంచు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లా ఈ నేల, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. స్వర్ణముఖి ఏరు పాకాల దగ్గరి కొండల్లోనే పుడుతుంది. సీమ అనగానే కరువే గుర్తొస్తుంది గానీ ఇక్కడ వాన రెండు దిక్కుల నుంచి వస్తుంది. జూన్ నుంచి నైరుతి వాన, అది సరిగా పడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వాన, బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే ముసురు పట్టి నాలుగైదు రోజులు వదలదు. 2021 నవంబరులో తిరుపతి చుట్టూ పల్లెలు మునిగింది ఈ వానకే. సరిగ్గా ఈ రోజుల్లోనే చెనక్కాయ చెట్టు పీకేది, చేలో కాయ వలిచేది, రాగి కోసేది. అంటే మెట్ట పైరుకు కావలసినప్పుడు రాని వాన, పంట చేతికొచ్చే పొద్దుకు వస్తుంది. ఎండకు పైరు పోవడం ఒక నష్టమైతే, పండింది తడిసిపోవడం దాని వెనకాలే వచ్చే రెండో నష్టం. కరువు సీమలో చెమ్మ గురించి మాట్లాడడమేమిటని ఎవరన్నా అడిగితే ఇదీ జవాబు.

చెమ్మ నుంచి గింజను కాపాడాలంటే మూడు కావాలి. ఆరబోసుకోవడానికి గట్టి నేల. తడవని కప్పు. నేలకు తగలకుండా, గాలి తేమ చొరబడకుండా దాచే పాత్ర. ఈ మూడూ ఆస్తి కిందికే వస్తాయి. ఆస్తి ఎవరి చేతిలో ఉందో ఆ చేతిలోనే పొడి గింజ కూడా ఉంది.

కళ్లం నుంచి మొదలుపెడదాం. కళ్లం చెక్కి, నీళ్ళు చల్లి, దిమ్మిసె కొట్టి, పేడతో అలికింది మన ఆడవాళ్ళు. కోసి, కట్ట కట్టి, మోసి, రాలగొట్టి, తూర్పార బట్టింది మన మనుషులు. కూలి గింజల్లోనే ఇచ్చేవాళ్ళు. ఊరి పనులకు మేరలుండేవి. చెప్పులు, తొండాలు, మోకులు కుట్టిచ్చే మాదిగకు ఒక మేర, తోటికి, వెట్టికి ఒక మేర. ఈ మేర ఎంత అన్నదాని మీద పరిశోధకులు రాశారు. రాశిలో ఏ భాగం నుంచి ఇచ్చారన్నది కొలతల్లో కనిపించదు. పల్లెల్లో పెద్దవాళ్ళను కదిపితే మొదట చెప్పేది అదే. పైగింజ గాదెకు, అడుగు గింజ కూలికి. అడుగు గింజ అంటే నేల చెమ్మ పీల్చిన గింజ, మన్నూ తాలూ కలిసిన గింజ. శేరుకు శేరు కొలిచినా అది ఇంటికొచ్చి చెరిగి, ఏరి, ఎండబెడితే శేరు ఉండదు. తడిగింజ ఉబ్బి కొలతలో చోటెక్కువ పడుతుంది, బరువు కూడా ఎక్కువే తూగుతుంది. ఆరితే రెండూ తగ్గుతాయి. అంటే కూలిలో కొంత నీళ్ళరూపంలో ఇచ్చినట్టు. ఈ లెక్క ఏ కూలిరేట్ల పట్టికలోనూ లేదు.

ఊళ్ళో పెద్దకాపు ఇంట్లో నిలవలు ఎట్లుండేవో చెప్పుకుంటే వాడ సంగతి తేటపడుతుంది. వెదురు తడికెతో అల్లి, పేడా మట్టీ మెత్తిన గాదె. మట్టితో ఒరలు ఒరలుగా పెంచిన తొంబ, అడుగున రాళ్ళ మీద నిలబెట్టి, కింద చిన్న బెజ్జం పెట్టి, గడ్డి దోపి మూసినది. నేల లోపల పాతర. గట్టి ఎర్రనేలలో లోతుగా తవ్వి, అడుగునా చుట్టూ ఎండుగడ్డి పేర్చి, గింజ నింపి, పైన గడ్డీ మన్నూ కప్పి మూసేవాళ్ళు. వాన నీళ్ళు నిలవని మిట్టనే పాతరకు ఎంచుకునేది. లోపల గింజ శ్వాసించి ఉన్న ప్రాణవాయువును ఖర్చు చేస్తుంది, బొగ్గుపులుసు గాలి నిండుతుంది, పురుగు బతకదు. రాగులు ఏళ్ళ తరబడి పాడుకాకుండా ఉండింది ఇట్లానే. కరువు వచ్చేదాకా ఆగి, ధర లేచినాక పాతర తీసేవాళ్ళ చేతికి అది మంచి ఆయుధమైంది కూడా.

ఆ పాతర తవ్విందెవరు? తీసేటప్పుడు లోపలికి దిగిందెవరు? జీతగాడు. విషగాలి ఉంటుందని అందరికీ తెలుసు. మూత తీసి గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసేవాళ్ళు. దీపం ఆరిపోతే దిగకూడదు. అయినా తొందర పెట్టి దించితే ఊపిరాడక పడిపోయేది కిందికి దిగినవాడే. ఇక పాతర అంచుల్లో గడ్డికి ఆనుకున్న గింజ నల్లబడి, ముక్కిన కంపు కొట్టేది. అది బేరానికి పనికిరాదు. పారబోయడానికి మనసొప్పదు. కూలికి కొలవడానికి పనికొచ్చేది.

వాడలో పాతర ఉండేందుకు మిట్టనేల లేదు, అందులో పోసేందుకు గింజా లేదు. మాలపల్లె, మాదిగపల్లె చాలా ఊళ్ళల్లో పల్లంలో, చెరువు కిందనో వంక గట్టుననో ఉంటాయి. ఇది ఎవరో సరదాగా ఎంచుకున్న చోటు కాదు. ఊరి మురుగు, ఊరి వాన నీళ్ళు దిగే దిక్కున వెలివేసిన వాళ్ళను పెట్టారు. బోద కప్పిన కొట్టం, మట్టి గోడ, నేల కింద ఊట. ముసురు పడితే పైనుంచి కారడం ఒక పక్క, కిందనుంచి చెమ్మ లేవడం ఒక పక్క. ఈ రెండింటి నడుమ నాలుగు శేర్ల రాగులను, పిడికెడు ఉప్పును, రెండు కొత్తిమిరి గింజలను కాపాడింది మన అవ్వలు.

వాళ్ళ పద్ధతులు రాసిపెట్టుకోవాలి. గింజ ఆరిందా లేదా అని పంటికింద పెట్టి చూసేవాళ్ళు, కటుక్కుమంటే ఆరినట్టు, మెత్తగా దిగితే ఇంకో ఎండ కావాల. చెనక్కాయను చెవి దగ్గర ఆడించి, లోపల గింజ గలగలమంటేనే కుండకెత్తేది. కుండలో చెయ్యి పెట్టి చూస్తే లోపల వెచ్చగా తగిలితే బూజు మొదలైందని తెలిసిపోయేది, వెంటనే బయటకు తీసి ఆరబోసేవాళ్ళు. ఇప్పటి శాస్త్రం కూడా అదే చెబుతుంది. తేమ ఎక్కువైన గింజా, దాని మీది బూజూ శ్వాసించి వేడి పుట్టిస్తాయి. వడ్లు 14 శాతం, రాగులు 12 శాతం, చెనక్కాయలు 8, 9 శాతం తేమ దాటితే నిలవకు పనికిరావని ఇప్పుడు పుస్తకాల్లో అంకెలున్నాయి. మన అవ్వలకు ఆ అంకెలు పంటిలో, చెవిలో, అరచేతిలో ఉండేవి. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేవాళ్ళు. అలసందలకు, అనపగింజలకు బూడిద కలిపేవాళ్ళు. బూడిద తేమనూ పీలుస్తుంది, పురుగునూ ఆపుతుంది. కుండ అడుగున వేపాకు, కానుగాకు, వావిలాకు. కుండ కింద మూడు రాళ్ళు. మూతి మీద చిప్ప పెట్టి పేడమట్టితో మెత్తు. చింతపండుకు ఉప్పు కలిపి ముద్దలు చేసి పెట్టేది. ఉట్టి కట్టేది పొయ్యికి పైన, పొగ తగిలే చోట. అగ్గిపెట్టె కూడా అక్కడే. ఉప్పుతోనే పెద్ద తంటా. గాలిలో తేమ నూటికి డెబ్బై అయిదు పాళ్ళు దాటితే ఉప్పు నీళ్ళు తాగి కారిపోతుంది. ముసురు రోజుల్లో ఉప్పుకుండ చుట్టూ నేల తడిసి తెల్లగా పూసేది.

ఇక్కడ మాదిగ ఇంటి సంగతి వేరుగా చెప్పుకోవాల. చచ్చిన గొడ్డు వచ్చినప్పుడు ఒక్కపూటలో తినలేనంత కూర వస్తుంది. దాన్ని సన్నగా, పొడవుగా కోసి, ఉప్పూ పసుపూ రాసి, తాడుమీద వేలాడదీసి ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి కుండలో దాచేవాళ్ళు. అవే ఎండు తునకలు. పని దొరకని వానాకాలంలో రాగి సంగటికి అదే ఆసరా, నాలుగు తునకలు కాల్చి దంచితే ఇంటిల్లిపాదికీ ఊరగాయ. నీళ్ళను తీసేసి మాంసాన్ని నిలవుంచే ఈ విద్యను ఊరు అసహ్యించుకుంది, అది ఆరేసిన దండెం చూసి ముక్కు మూసుకుంది. మామిడికాయ ముక్కను ఉప్పేసి ఎండబెడితే ఒరుగు, సంప్రదాయం. ఇది మాత్రం కంపు. రెండింటిలోనూ జరిగేది ఒకటే పని. మరాఠ్వాడాలో మహర్, మాంగ్ ఇళ్ళ తిండి మీద షాహు పటోలే 2015లో మరాఠీలో పుస్తకం తెచ్చి ఇట్లాంటి ఎండుమాంసాన్ని చరిత్రలోకి ఎక్కించారు. మన దిక్కున ఆ పని ఇంకా మిగిలే ఉంది. తోలు కూడా అంతే. పచ్చితోలుకు ఉప్పు పట్టించకపోతే, తంగేడు చెక్కలో ఊరబెట్టకపోతే ముసురుకు కుళ్ళిపోతుంది. తేమతో పోట్లాడడం మాదిగకు కులవృత్తిలోనే ఉంది. ఆహార నిలవ విద్య చెప్పే పుస్తకాలు ఈ మాటను ఒక్క వాక్యంలో కూడా ఒప్పుకోవు.

ఇంత తెలిసినవాళ్ళు పెంకు కప్పు ఎందుకు వేసుకోలేదు, ఇత్తడి బిందె, రేకు డబ్బా ఎందుకు కొనుక్కోలేదు అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. డబ్బు లేక అన్నది సగం జవాబు. మిగతా సగం నిషేధం. 1930 డిసెంబరులో మద్రాసు రాజధానిలోనే, రామనాథపురం జిల్లాలో కళ్ళర్ కులస్తులు ఆది ద్రావిడుల మీద ఎనిమిది ఆంక్షలు పెట్టారు. హట్టన్ తన కులం గురించిన పుస్తకంలో వాటిని నమోదు చేశాడు. బంగారం వెండి పెట్టుకోకూడదు, మోకాలి కిందికి గుడ్డ కట్టకూడదు వంటివి అందరూ ఉదాహరిస్తారు. వాటిలో రెండింటిని మన విషయానికి పట్టి చూడాల. ఇళ్ళలో మట్టిపాత్రలు తప్ప వేరేవి వాడకూడదన్నది ఒకటి. ఎండకు గానీ వానకు గానీ గొడుగు పట్టకూడదన్నది ఇంకొకటి. ఆంక్షలు మీరిన వాళ్ళ గుడిసెలు తగలబెట్టారు, ధాన్యం పాడుచేశారు, గొడ్లను దోచుకున్నారు. 1935లో గుజరాత్‌లో అహమ్మదాబాద్ జిల్లా జాను గ్రామంలో లోహపు బిందెలతో నీళ్ళు తెచ్చుకున్నందుకు అంటరాని ఆడవాళ్ళను కొట్టిన సంగతి అంబేద్కర్ 1936 నాటి కుల నిర్మూలనలో రాశాడు. ఆయన పోయాక అచ్చయిన రాతల్లో, ఊరు నేరాలుగా ఎంచే పనుల జాబితాలో పెంకుటిల్లు కట్టుకోవడం కూడా ఉంది.

వీటిని మనం ఇంతవరకు అవమానాల చరిత్రగా చదివాం. అది నిజమే. కానీ వంటింట్లోనుంచి చదివితే ఇంకోటి కనపడుతుంది. పెంకు కప్పు, లోహపు పాత్ర, గొడుగు — మూడూ తడి నుంచి కాపాడేవే. కులం దర్పం కోసమే ఇవి తమకు అట్టిపెట్టుకున్నా, దాని ఫలితం గింజ మీద పడింది. తడవని ఇల్లు లేనివాడు నిలవ పెట్టుకోలేడు. నిలవ లేనివాడు రేపటి తిండికి ఈ రోజే ఆసామి గడప తొక్కాల. ఆషాఢ శ్రావణాల్లో అప్పు గింజలు తెచ్చుకుని, కళ్లంలో దానికి ఒకటిన్నర, రెండింతలు కొలిచే నాగు పద్ధతి, దాని వెనక జీతానికి కుదిరే బతుకు, అన్నీ ఇక్కడి నుంచే అల్లుకున్నాయి. 1976 చట్టం వెట్టిచాకిరీని రద్దుచేసింది, కారే కప్పును రద్దుచేయలేదు గదా. మట్టికుండను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మంచి కుండ, మెత్తు సరిగా వేస్తే, గింజకు ఏమాత్రం తీసిపోదు. కానీ ఎంచుకున్న కుండ వేరు, ఇంకోటి ముట్టుకోవద్దని చేతిలో పెట్టిన కుండ వేరు.

1876-78 కరువులో ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చింది. ఉత్తర ఆర్కాటు ఆ కరువు దెబ్బ తిన్న జిల్లాల్లో ఒకటి. పాతరలున్నవాళ్ళు ఒక ఏడాది, రెండేళ్ళు నెట్టుకొచ్చారు. కుండలు మాత్రమే ఉన్నవాళ్ళు మొదటి నెలల్లోనే రోడ్డున పడ్డారు. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగమనిషికి రోజుకు పౌను గింజ, పైన ఒక అణా చాలని నిర్ణయించాడు. పౌను అంటే అర కిలో కూడా లేదు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ దీనితో మనిషి బతకడని వాదించి పోట్లాడాడు, ఆ ఏడాది మే నెలలో మద్రాసులో దాన్ని ఎత్తేయాల్సి వచ్చింది. కరువు చరిత్ర రాసేవాళ్ళు టెంపుల్, కార్నిష్‌ల తగువును వివరంగా రాస్తారు. రాళ్ళు కొట్టే చోటికి ఎవరు ముందు వచ్చారు, ఎవరు చివరికి కూడా రాలేదు అన్నదానికి ఇంటి నిలవ ఒక కొలబద్ద అని గుర్తించరు.

1890ల మొదట్లో మీటరుగేజి రైలు వచ్చింది. పాకాల జంక్షనైంది. ఒక దారి కాట్పాడికి, ఒకటి తిరుపతి మీదుగా గూడూరుకు, ఇంకొకటి ధర్మవరానికి. రైలు వచ్చాక గింజను ఇంటికాడ దాచేకన్నా బస్తాకెత్తి అమ్మడం లాభమైంది. పాతరలు నెమ్మదిగా పూడిపోయాయి. రాగి, కొర్ర, సామ నేలల్లోకి చెనక్కాయ ఎక్కింది. ఆర్కాటు జిల్లాల చెనగింజ పుదుచ్చేరి మీదుగా మార్సెయ్ నూనె మిల్లులకు పోయేది. ఆ రోజుల్లో కాయ వలవడానికి నీళ్ళు చల్లి నానబెట్టి కొట్టేవాళ్ళు, అప్పుడు పొట్టు మెత్తబడి తొందరగా వస్తుంది, తూకం కూడా పెరుగుతుంది. ఓడలో చేరేసరికి గింజ వేడెక్కి, నూనె పుల్లబడేది. మద్రాసు చెనగింజకు యూరపు బజారులో చెడ్డపేరు వచ్చింది దీనివల్లనే. వలుపు యంత్రాలు వచ్చాక గానీ అది తగ్గలేదు. తడిపితే లాభం వ్యాపారికి, తడిగింజలో రోజంతా వేళ్ళు పెట్టి వలిచేది కూలి ఆడది.

బూజు కంపు మాత్రమే కాదు, విషం కూడా అని లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లండులో బ్రెజిల్ నుంచి తెచ్చిన చెనగపిండి మేసి లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చాయి. వెతికితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, దాని విషం అఫ్లటాక్సిన్ బయటపడ్డాయి. పెద్ద దేశాలు వెంటనే హద్దులు గీసుకున్నాయి. పద్నాలుగేళ్ళకు, 1974 చివర్లో, రాజస్థాన్ బాన్స్‌వాడా, గుజరాత్ పంచమహల్ జిల్లాల్లో రెండు వందలకు పైగా ఆదివాసీ పల్లెల్లో కామెర్లు, కడుపులో నీళ్ళు చేరే జబ్బు వచ్చింది. 397 మంది పడ్డారు, 106 మంది పోయారు. ఇళ్ళల్లో కుక్కలు కూడా చచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పోయి చూస్తే, అకాల వానకు తడిసి, సరిగా ఆరబెట్టకుండా దాచుకున్న మొక్కజొన్నే కారణమని తేలింది. 1995లో దక్కన్ పల్లెల్లో వానకు తడిసి బూజెక్కిన జొన్న, మొక్కజొన్న తిని కడుపునొప్పి, విరోచనాలు వచ్చాయి. ఆ సంస్థవాళ్ళే చూసిన 50 ఊళ్ళల్లో 27 ఊళ్ళు దాని పాలబడ్డాయి. ఈసారి విషం ఫ్యూమనిసిన్. బూజు పట్టిందని కళ్ళకు తెలుస్తున్నా ఎందుకు తిన్నారని పత్రికలు రాస్తాయి. తిన్నవాళ్ళ ఇంట్లో ఇంకో కుండ లేదు. మన వాడల్లో అడుగు గింజ, పాతర అంచు గింజ తరతరాలుగా తిన్నవాళ్ళ కాలేయాల లెక్క ఎవరు తీశారు?

ప్రభుత్వం గింజ నిలవ గురించి పట్టించుకోలేదని అనలేం. 1960లలో ధాన్య సంరక్షణ ప్రచారం మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్ సంస్థ రేకు గాదెలు తయారుచేసింది, పూసా సంస్థవాళ్ళు మట్టి ఇటుకల నడుమ పాలిథిన్ కాగితం పెట్టి కట్టే గాదెను తెచ్చారు. నిజంగా మంచి పనులే. అయితే ఆ గాదెలు క్వింటాళ్ళ లెక్కన చేసినవి. గచ్చునేల, విడిగా ఒక గది ఉన్న రైతును కళ్ళముందు పెట్టుకుని గీసిన బొమ్మలు. వారం కూలిని వారంలో తినే ఇంటికి, పది శేర్ల చింతపండును సీజనులో కొని ఏడాది దాచాలనుకునే ఇంటికి ఏం కావాలో ఆ బొమ్మల్లో లేదు.

1983లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. వాడలో పొయ్యి వెలిగిందంటే ఆ బియ్యం పుణ్యమే, దాన్ని ఎగతాళి చేసే అగ్రకుల మేధావులతో నాకు పేచీ ఉంది. కానీ నిలవల చరిత్రలో అది ఇంకో మలుపు. రాగి స్థానంలో పాలిష్ బియ్యం వచ్చింది. రాగి ఏళ్ళు ఆగుతుంది, ఈ బియ్యం ఒక వానాకాలంలోనే ముక్కి పురుగు పడుతుంది. తొంబ చెయ్యడం తెలిసిన చేతులు పోయాయి, ప్లాస్టిక్ డ్రమ్ము, నూనె డబ్బా వచ్చాయి. గింజను కాపాడే బాధ్యత ఇంటినుంచి గోడౌనుకు మారింది. గోడౌనులో తడిసిన బస్తా, ఉండలు కట్టిన బియ్యం చివరికి ఎవరి సంచిలోకి వస్తాయో రేషను షాపు ముందు నిలబడిన ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటికి బండ్లు పెట్టారు, 2025 జూన్‌లో మళ్ళీ షాపులకే మార్చారు. సంచి లోపలి గింజ గురించి మాత్రం రెండుసార్లూ చర్చ జరగలేదు. కాలనీ ఇళ్ళు కూడా వచ్చాయి. గుడిసె కన్నా నూరుపాళ్ళు మేలు. కానీ పల్లంలోనే ఇచ్చిన స్థలాలు, పలచటి శ్లాబు, పగుళ్ళు. ముసురుకు గోడ వెంబడి చెమ్మ దిగి, బియ్యం డ్రమ్మును మంచం మీదికి ఎత్తిపెట్టి మనుషులు కింద పడుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు తేమను కొలిచే యంత్రం వచ్చింది. ప్రభుత్వం వడ్లు కొనేటప్పుడు 17 శాతం దాకా తేమను ఒప్పుకుంటుంది, అది దాటితే వెనక్కి. యంత్రానికి కులం లేదంటారు. కౌలుకు చేసే దళిత రైతుకు కళ్లం లేదు, సొంత గచ్చు లేదు, కప్పడానికి టార్పాలిన్ అద్దెకు తేవాల. వడ్లు తారురోడ్డు మీదనే ఆరబోయాల. మబ్బు పడితే కుప్ప చేసి, ఎండొస్తే పరిచి, రాత్రి లారీలకు అడ్డంగా రాళ్ళు పెట్టి కాపలా పడుకోవాల. నాలుగో రోజు కూడా యంత్రం 19 చూపిస్తే, పక్కనే నిలబడిన దళారికి తక్కువ ధరకు పోస్తాడు. ఆ వడ్లే దళారి గచ్చు మీద రెండెండలు చూసి, వేరే పేరుమీద అదే కేంద్రానికి పోతాయి.